వల వెనకనుంచి రేస్ బైకుల ప్యానింగ్: షట్టర్ తగ్గిస్తే తీగలు వచ్చేస్తున్నాయి

గోదారి_క్లిక్స్:
అన్నలూ, చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌లో నేషనల్ చాంపియన్‌షిప్ రౌండ్ చూడ్డానికి వెళ్తున్నా. మామూలు టికెట్టే, మీడియా పాస్ లేదు. అంటే ట్రాక్ చుట్టూ ఉండే ఇనప తీగల వల ఇవతలనుంచే ప్యానింగ్ (బండితో పాటే కెమెరా తిప్పుతూ తీయడం) చేయాలి. కెమెరా కెనాన్ 200డి మార్క్ 2, లెన్స్ 55-250 ఎస్‌టీఎం. షట్టర్ 1/1000 సెకనులో బండి షార్ప్‌గానే వస్తుంది, కానీ స్టాండ్ వేసి నిలబెట్టినట్టు ఉంటుంది. 1/125కి దింపితే మిట్ట ఎండలో ఎపర్చర్ (లెన్స్ కంత, ఎఫ్ అంకె పెరిగేకొద్దీ చిన్నదవుతుంది) ఎఫ్/14కి పోతుంది, అప్పుడు తీగలు బూడిద రంగు చారల్లా ఫొటో అంతా కనిపిస్తాయి. రెండూ కుదిరే దారి ఏదైనా ఉందా?

ట్రాక్‌సైడ్_రెడ్డి:
మీకు కావాల్సింది ఎన్‌డీ8 ఫిల్టర్ (వెలుతురు తగ్గించే నల్లద్దం), 58 మిల్లీమీటర్లది. ఎందుకో చూడండి. 250 మి.మీ. జూమ్ దగ్గర ఎఫ్/5.6 అంటే వెలుతురు లోపలికి వచ్చే కంత దాదాపు 45 మి.మీ. వెడల్పు. మూడు మి.మీ. తీగ దాని ముందు అడ్డం పడితే పోయేది పన్నెండో వంతు వెలుతురే, తీగ కరిగిపోతుంది. ఎఫ్/16లో ఆ కంత 16 మి.మీ.కి కుంచించుకుపోతుంది. అదే తీగ ఇప్పుడు నాలుగో వంతు మూసేస్తుంది. తేడా అక్కడే ఉంది. పైగా ఎఫ్/14, ఎఫ్/16లో సెన్సర్ మీద దుమ్ము చుక్కలు కూడా బయటపడతాయి.

ఎన్‌డీ8 మూడు స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుతురు సగమవుతుంది) మింగుతుంది. ఐఎస్ఓ 100, 1/125, ఎఫ్/14 కాస్తా ఎఫ్/5కి వస్తుంది. మీ లెన్స్ 250లో ఎఫ్/5.6 కన్నా తెరుచుకోదు కాబట్టి 1/100 పెట్టుకోండి, సరిపోతుంది. తిప్పితే మారే వేరియబుల్ ఎన్‌డీ మాత్రం కొనకండి. టెలి లెన్స్ మీద చవక రకం పెడితే షార్ప్‌నెస్ పోతుంది, ఒక్కోసారి ఫ్రేమ్‌లో నల్లటి మరక కూడా పడుతుంది.

వల కన్ను రెండంగుళాలే ఉంటే మీ లెన్స్ ముఖం దానికన్నా పెద్దది. ఏదో ఒక తీగ ముందు ఉండి తీరుతుంది. అందుకే వలకి వీలైనంత దగ్గరగా నిలబడాలి, కానీ ఆనించకూడదు. ఆనిస్తే తిప్పేటప్పుడు లెన్స్ తీగకి తగిలి కుదుపు వస్తుంది. రెండు మూడు సెంటీమీటర్లు వదలండి. అన్నిటికన్నా ముఖ్యం, ఎండ పడే తీగ వెనక నిలబడొద్దు. మెరిసే తీగ ఎంత కరిగినా పొగమంచులా కమ్మేస్తుంది. చెట్టు నీడో, హోర్డింగ్ నీడో పడే చోటు వెతకండి. అయినా కాంట్రాస్ట్ కొంచెం తగ్గుతుంది, అందుకే రా ఫైల్ (కెమెరా కుదించని అసలు ఫైల్) తీసి ఎడిటింగ్‌లో డీహేజ్ (మసక తగ్గించే స్లయిడర్) కొంచెం పెంచితే చాలు.

పిట్‌లేన్_విజయవాడ:
రెడ్డి గారు వల సంగతి తేల్చేశారు, షట్టర్ గురించి నేను చెప్తా. 1/125 అని ఒకే అంకె పట్టుకు కూర్చోకండి, బండి వేగాన్ని బట్టి మార్చాలి. మలుపులో 80 కి.మీ. వేగంతో పోయే బండి 1/125లో సుమారు 18 సెంటీమీటర్లు కదులుతుంది. స్ట్రెయిట్‌లో (ట్రాక్ తిన్నని భాగంలో) 150తో పోయేది 1/250లోనే దాదాపు అంత దూరం కదులుతుంది. అంటే రెండు బళ్లూ మీకు ఒకే దూరంలో పోతే బ్యాక్‌గ్రౌండ్ చెదిరేది రెంటికీ దాదాపు ఒకటే. స్ట్రెయిట్‌లో 1/125 అంటే మొదట్లో వృథా ఫ్రేములే ఎక్కువ. 1/250తో మొదలుపెట్టి చేయి కుదిరాక దిగండి.

చక్రం లెక్క వేరు. రేస్ టైరు చుట్టుకొలత 1.9 మీటర్ల దాకా ఉంటుంది. 100 వేగంలో 1/1000కి చక్రం తిరిగేది ఐదు డిగ్రీలే, అందుకే మీకు స్టాండ్ వేసినట్టు కనిపిస్తోంది. 1/125లో 40 డిగ్రీలు దాటుతుంది, అల్లాయ్ చువ్వలు కలిసిపోవడం మొదలవుతుంది.

ఆటోఫోకస్ ఏఐ సర్వోలో (కదిలేదాన్ని వెంటాడే మోడ్) పెట్టండి. మీ బాడీలో ఉన్న తొమ్మిది పాయింట్లలో నడిమిది ఒక్కటే వాడండి, గట్టిగా పట్టేది అదే. తొమ్మిదీ తెరిచి పెడితే తీగకే ఫోకస్ అంటుకుంటుంది. బండి రాకముందే అది వచ్చే తారు మీద ఫోకస్ చేసి ఉంచండి. తర్వాత హెల్మెట్‌ని పట్టుకుని దూరం నుంచే వెంట తిప్పండి. నొక్కాల్సిన చోటుకి పాదాలు ఎదురుగా ఉండాలి, నడుము మాత్రం బండి వచ్చే వైపుకి మెలిపెట్టి ఉంచాలి. బండి వస్తుంటే ఆ మెలిక విప్పుకుంటూ రావాలి, నొక్కాక కూడా ఆపకుండా తిప్పుతూ పోవాలి. నొక్కగానే ఆగిపోతే ఆ కుదుపు ఆఖరి ఫ్రేముల్లో కనిపిస్తుంది. ఒక్కో బండికి మూడు నాలుగు ఫ్రేములు చాలు, ఈ కెమెరాలో రా బఫర్ (ఫొటోలు కార్డుకి ఎక్కేలోపు ఉండే మెమరీ) చిన్నది. గుంపుగా బళ్లు వచ్చినప్పుడు నిండిపోతే అసలు పోటీ మిస్సవుతారు.

తీశాక స్క్రీన్ మీద పెద్దది చేసి చూడండి. హెల్మెట్ పైకీ కిందకీ జంటగా కనిపిస్తే వేలు నొక్కేటప్పుడు కెమెరా కుంగుతోందని. పక్కకి సాగితే మీరు తిప్పే వేగం బండితో కలవలేదని. జంట లేకుండా మొత్తం మెత్తగా ఉంటే ఫోకస్ తప్పిందని, లేదా ఎండ సెగ అని.

గోదారి_క్లిక్స్:
ధన్యవాదాలు రెడ్డి గారు, విజయవాడ అన్నా. రెండు సందేహాలు. సీపీఎల్ ఫిల్టర్ (తళుకు తగ్గించే పోలరైజర్) ఇప్పటికే ఉంది, ఎన్‌డీ బదులు అది చాలదా? నిలబడ్డానికి ఏ చోటు మంచిది?

ట్రాక్‌సైడ్_రెడ్డి:
సీపీఎల్ ఒకటిన్నర స్టాపు దాకా తగ్గిస్తుంది, మబ్బు రోజుకి చాలు. మిట్ట ఎండకి చాలదు. దాని లాభం వేరు, ఫెయిరింగ్ (బండి పై తొడుగు) మీదా హెల్మెట్ వైజర్ మీదా తళుకు తగ్గి స్పాన్సర్ స్టిక్కర్ల రంగు బాగా కనిపిస్తుంది. సాయంత్రం వెలుతురు పడిపోగానే ఏ ఫిల్టర్ అయినా తీసేయండి, లేకపోతే ఆటోఫోకస్ తడబడుతుంది.

కొల్లేరు_లెన్స్:
చోటు విషయం చెప్తా. ఈ ట్రాక్ 3.717 కిలోమీటర్లు, 12 మలుపులు, బళ్లు సవ్యదిశలో తిరుగుతాయి. మలుపులని సీ1, సీ2 అని పిలుస్తారు. మెయిన్ స్ట్రెయిట్ అయిపోగానే వచ్చే సీ1 వేగమైన కుడి మలుపు. ప్రేక్షకులని అనుమతించే చోట్లలో మలుపు లోపలి వైపు దొరికితే వదలొద్దు. బండి మీ వైపు వాలుతుంది, మోకాలూ ముఖమూ రెండూ కనిపిస్తాయి. పైగా వంపు పొడుగునా మీకూ బండికీ దూరం పెద్దగా మారదు, ప్యానింగ్‌లో హెల్మెట్ నుంచి తోక దాకా షార్ప్‌గా వచ్చేది అక్కడే. బయటి వైపు నుంచి రైడర్ వీపూ బండి అడుగూ ఎక్కువ కనిపిస్తాయి. స్ట్రెయిట్‌లో అయితే బండి సరిగ్గా మీ ఎదుటికి వచ్చిన క్షణంలోనే నొక్కాలి. ఏటవాలుగా ఉన్నప్పుడు నొక్కితే ముక్కు షార్ప్, తోక చెదిరిపోవడం మామూలే. ప్రేక్షకుల స్టాండ్‌లో పై వరుసలకి వెళ్తే వల పైనుంచి కనిపించే చోటు దొరకచ్చు, అక్కడైతే ఎపర్చర్ బాధే లేదు.

మధ్యాహ్నం ఆ తారు మీద సెగ విపరీతం. దూరంగా ఉన్న మలుపుని 250లో లాగితే ఏ షట్టర్‌తో తీసినా ఉడికినట్టు వస్తుంది. ఆ గంటల్లో మీకు దగ్గరగా పోయే బళ్లు మాత్రమే తీయండి, దూరపు షాట్లు ఉదయం ప్రాక్టీసులో తీసుకోండి. ల్యాప్ రెండు నిమిషాలకి అటూఇటూ, రేసులు చిన్నవి. ఒక రైడర్ మీ ముందుకి వచ్చేది కొన్నిసార్లే. అందుకే నెమ్మది షట్టర్ ప్రయోగాలన్నీ ప్రాక్టీసులో చేసేయండి. రేసులో మొదటి ల్యాప్ గుంపుకి మాత్రం 1/500 దాకా పెంచండి, ఒకేసారి ఐదారు బళ్లు వేర్వేరు వేగాల్లో ఉంటాయి, ప్యానింగ్ ఒక్కదానికే కుదురుతుంది.

ఎక్స్‌పోజర్ మాన్యువల్‌లో లాక్ చేయండి. తిప్పేటప్పుడు వెనక చెట్లూ ఆకాశమూ మారుతుంటే ఆటో మీటర్ ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ ఊగుతుంది. తెల్ల ఫెయిరింగ్ బళ్లుంటే మూడో వంతు స్టాపు తగ్గించండి. ఫ్లాష్ వద్దు. వల ఎక్కడం, కర్ర మీద కెమెరా కట్టి వల పైకి ఎత్తడం అసలు వద్దు, అది ట్రాక్‌లో పడితే ప్రమాదం రైడర్‌కి. మార్షల్ (ట్రాక్ భద్రత చూసే సిబ్బంది) పక్కకి వెళ్లమంటే వెంటనే కదలండి. చెవుల్లో పెట్టుకునే ఫోమ్ ప్లగ్గులు కూడా తీసుకెళ్లండి, స్ట్రెయిట్ పక్కన పొద్దంతా ఉంటే అవసరం పడుతుంది.

వెళ్లేలోపు హైవే పక్కన సురక్షితమైన చోట నిలబడి మామూలు బైకుల మీద 1/60తో సాధన చేయండి. 60 వేగంలో హెల్మెట్ షార్ప్‌గా రావడం మొదలైతే ట్రాక్‌లో 1/125 ఇబ్బంది పెట్టదు.