సమస్య: "నీరు పోసిన కొలదిని నీరు తగ్గె"

నిర్వాహకుడు: ఈ వారం ఛందస్సు తేటగీతి. పై పాదం చివర వచ్చేలా పద్యం పూర్తి చేయాలి. పోస్తే పెరగాలి గానీ తగ్గడమేమిటని అడక్కండి, చిక్కంతా అందులోనే ఉంది. సందర్భం నేనే ఇస్తున్నాను: మరుగుదొడ్డి పూడుకుపోయింది, ప్లంబర్‌ని ఇంకా పిలవలేదు. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి పాదం మధ్యలో కుదరాల్సిన అక్షరం, తప్పకూడదు. చదువుతుంటే ముక్కు మూసుకోవాల్సిన అవసరమూ రాకూడదు.

పొరుగింటి పుల్లకూర:

బకెటు నడుమెత్తు పైకెత్తి వడిగ వంప
నడ్డు తగిలిన ముద్దయు హడలి జారె;
గొట్ట మొకసారి గుటకేసి కుదుటఁబడియె
నీరు పోసిన కొలదిని నీరు తగ్గె.

మేడమీది మాస్టారు: ముద్ద హడలడం బాగుంది. "వడిగ" అన్న మాటలోనే కిటుకంతా ఉంది. మగ్గుతో కొంచెం కొంచెం పోస్తే సీటు వెనక వంపులో నీళ్లు నెమ్మదిగా జారతాయే తప్ప లాగే బలం పుట్టదు; ఒక్కసారిగా పడితేనే అడ్డును తోసుకుపోతాయి. అయితే "ఒకసారి" అంటూనే "కొలదిని" అంటే పొసగదు. "గొట్ట మటుపైన గుటకేసి" అనండి. "గుటకేసి" వ్యావహారికమే, హాస్యంలో చెల్లుతుంది.

వానచినుకు: మాస్టారూ, సీటు అంచుదాకా నిండి ఉంటే బకెట్ ఎత్తి పోయడమేమిటండీ, కాళ్ల మీదకి రాదూ?

పొరుగింటి పుల్లకూర: వస్తుందండీ. ముందు పాత మగ్గుతో తోడేసి సగానికి తెచ్చుకోవాలి. ఫ్లష్ మాత్రం మళ్లీ నొక్కకూడదు. టెన్షన్‌లో చెయ్యి అటే పోతుంది కాబట్టి, ట్యాంకు కింద కాక్ కట్టేయడం మేలు.

వానచినుకు: అయితే నాది ప్లంజర్ పద్యం.

రబ్బరు గొడుగు సీటులో రంధ్రమదిమి
మెల్ల నదుముచు బలముగా మీఁదికీడ్వ
చిక్కుకొన్నట్టి దూదియు చెదరిపోయె
నీరు పోసిన కొలదిని నీరు తగ్గె.

మేడమీది మాస్టారు: ఛందస్సుకు వంక లేదమ్మా. రెండో పాదం చక్కగా కుదిరింది. తొయ్యడం కన్నా లాగడమే పనిచేస్తుంది, రబ్బరు నీళ్లలో మునిగి ఉండాలి. దోషమంతా మూడో పాదంలోనే. దూది నీళ్లలో చెదరదు, నాని ఇంకా బిగుస్తుంది. ప్యాడ్లూ, తడి టిష్యూలూ (వెట్ వైప్స్) అంతే. వాటిని కొక్కెం తీగతో ఇవతలికి లాగాలి గానీ లోపలికి తోయకూడదు. "చిక్కుకొన్న కాగితమెల్ల చెదరిపోయె" అంటే గణాలూ సరిపోతాయి, మాటా నిజమవుతుంది.

కొత్త కలం: మొదటిసారి రాస్తున్నాను, తప్పులుంటే దిద్దండి.

గిన్నెలను తోము సబ్బు నీ రెత్తి పోసి
మరుగు నీటిని మీదట మరల పోయ
గంట సగమైన పిమ్మట గలగలమని
నీరు పోసిన కొలదిని నీరు తగ్గె.

మేడమీది మాస్టారు: బాబూ, "గి"కి "రె" యతి కుదరదు. "గిన్నెలను తోము సబ్బును కెలికి పోసి" అని మార్చు. యతి తప్పితే పద్యమే పోతుంది, మరుగు నీళ్లు పోస్తే పింగాణీ సీటు పగలొచ్చు, ప్లాస్టిక్ పైపు అతుకులు వదులవ్వచ్చు. "వేలు కాలని నీటిని వెనుక పోయ" అను. సబ్బు జారుడు కోసం, వెచ్చదనం జిడ్డు కోసం. అరగంట ఆగమన్నావు చూడు, అది నాకు నచ్చింది.

కొత్త కలం: ధన్యవాదాలు గురువుగారూ. యాసిడ్ మీద కూడా ఒకటి రాశాను, పంపనా?

నిర్వాహకుడు: వద్దు నాయనా. అప్పటికే బ్లీచింగ్ పౌడర్ పడి ఉన్న చోట యాసిడ్ పోస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. ఆ పద్యం నీ దగ్గరే ఉంచుకో.

తేటగీతి ప్రియ:

స్నానమాడెడి చోటున జాలి పొంగె,
వీధి చాంబరు నిండెను, వెఱ్ఱివాఁడు
మురిసి యాలితోఁ జెప్పెను మొగము వెలుగ:
"నీరు పోసిన కొలదిని నీరు తగ్గె!"

మేడమీది మాస్టారు: అమ్మా, ఈ వారం పూరణ ఇదే! మిగతా వాళ్లంతా నీళ్లు ఎలా దిగాయో చెప్పారు, మీరు ఎక్కడ తేలాయో చెప్పారు. "జాలి పొంగె" చదివి రెండుసార్లు నవ్వాను. మాటను పాత్ర నోట పెట్టడంతో సమస్య అబద్ధమైనా పద్యం నిజమైంది.

వానచినుకు: మరి ఆ వెర్రివాడు ఇప్పుడేం చెయ్యాలి?

తేటగీతి ప్రియ: ప్లంజర్ పక్కన పెట్టి ఫోన్ తీయాలి. సీటులో పోసింది బాత్రూం జాలిలో తేలిందంటే అడ్డు రెండూ కలిసే లైనులో ఉంది, ఇంట్లో ఎంత పొడిచినా అందదు. చాంబర్ కూడా నిండితే ఇంకా ముందుకుంది. ఏది ఎక్కడ పొంగిందో ఫోన్‌లోనే చెబితే ప్లంబర్ వెదురు బద్దలు తేవాలో స్ప్రింగు తీగ తేవాలో చూసుకుంటాడు. సెప్టిక్ ట్యాంకే నిండితే ట్యాంకర్‌ని పిలవాలి. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని అందులోకి దించితే, మనుషులతో పాకీపని చేయించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం.

కొత్త కలం: అక్కా, "వెఱ్ఱివాఁడు" బదులు "పెద్దవాఁడు" అంటే యతి పోతుందా?

తేటగీతి ప్రియ: యతి పోదు తమ్ముడూ, మా ఇంట్లో శాంతి పోతుంది.