“ట్రాఫిక్ ప్రాధాన్యత” అనొచ్చా?

గుంటూరు నుంచి:
పాలిటెక్నిక్ పిల్లలకు నెట్‌వర్క్ స్విచ్ సెట్టింగులు తెలుగులో రాస్తున్నాం. క్యూఓఎస్ (రద్దీలో ఏ ప్యాకెట్టును ముందు పంపాలో స్విచ్‌కి చెప్పే ఏర్పాటు) పాఠానికి “ట్రాఫిక్ ప్రాధాన్యత” అని పేరు పెట్టొచ్చా అండీ?

బెజవాడ నుంచి:
“ప్రాధాన్యం” చాలండి. ప్రధాన శబ్దానికి భావార్థక ప్రత్యయం చేరే ప్రాధాన్యం అయింది, దానిమీద మళ్ళీ “త” ఎందుకు? నైపుణ్యత, సౌజన్యత కూడా ఇదే బాపతు. పత్రికల్లో నలిగిన మాటే అయినా పాఠంలో వద్దు.

అంతకన్నా ముఖ్యం, మూడు పనుల్ని ఈ ఒక్క మాట కింద కలిపేయకండి. ఐపీ ఫోను తన ప్యాకెట్టు మీద డీఎస్‌సీపీ (ప్యాకెట్టు ఏ తరగతిదో చెప్పే అంకె) 46 అని, అంటే ఇది ఫోను మాట అని, వేస్తే అది గుర్తు వేయడం. పోర్టు ఆ అంకెను చెరపకుండా ఉంచితే గుర్తును నమ్మడం. రద్దీలో ఆ ప్యాకెట్టును ముందు వదలడం ఒక్కటే ప్రాధాన్యం.

సిస్కో 2960 స్విచ్‌లో “ఎంఎల్ఎస్ క్యూఓఎస్” కమాండుతో క్యూఓఎస్ ఆన్ చేయగానే పోర్టులు ఏ గుర్తునూ నమ్మవు, 46 కాస్తా 0 అయిపోతుంది. ఫోనులో గొంతు బాగుపడాల్సింది పోయి ఇంకా తెగుతుంది. పై స్విచ్‌కి వెళ్ళే పోర్టులో “ఎంఎల్ఎస్ క్యూఓఎస్ ట్రస్ట్ డీఎస్‌సీపీ” ఇవ్వాలి. ఫోను వెనక కంప్యూటరు కూడా తగిలించి ఉంటే ఆ పోర్టుకు “ఎంఎల్ఎస్ క్యూఓఎస్ ట్రస్ట్ కాస్” మేలు (కాస్ అంటే వీలాన్ ట్యాగులో ఉండే గుర్తు, కంప్యూటరు మామూలుగా ఆ ట్యాగు వేయదు), ట్రస్ట్ డీఎస్‌సీపీ ఇస్తే కంప్యూటరు వేసిన 46 కూడా చెల్లిపోతుంది. బయటికి పంపే పోర్టులో “ప్రయారిటీ-క్యూ అవుట్” ఇవ్వాలి, ముందు వదలమని చెప్పేది ఇదే. తర్వాత “షో ఎంఎల్ఎస్ క్యూఓఎస్ ఇంటర్‌ఫేస్” కొట్టి చూడాలి. “నాట్ ట్రస్టెడ్” అని కనిపిస్తే తప్పు అక్కడే ఉంది, క్యూలను కెలకొద్దు.

గుంటూరు నుంచి:
బాగుందండి. మరి ప్రయారిటీ క్యూకి “వేగ వరుస”?

బెజవాడ నుంచి:
వేగం అనకండి, లైను వేగం ఏమీ పెరగదు. ఇంద్రకీలాద్రి మీద జనం పలచగా ఉన్న రోజు టికెట్ వరుసా ఉచిత వరుసా ఒకేలా కదులుతాయి, తేడా తెలిసేది రద్దీలోనే. “ముందు వరుస” అనండి. 2960లో ఈ వరుస ఖాళీ అయ్యేదాకా మిగతావి ఆగుతాయి కాబట్టి దాంట్లోకి ఫోను గొంతు ప్యాకెట్లనే పంపాలి. జీ.711 (గొంతును అంకెలుగా మార్చే ఒక పద్ధతి) కాల్ మామూలుగా ఒక్కో దిక్కుకు ఐపీ స్థాయిలో సెకనుకు 80 కిలోబిట్లే, ఇబ్బంది ఉండదు. వీడియోను కూడా అందులోకి తోస్తే మిగతా వరుసల్లో ఆగిన కంప్యూటర్లు మొరాయిస్తాయి.

గుంటూరు నుంచి:
“ట్రస్ట్”ని విశ్వాసం అందామా?

బెజవాడ నుంచి:
వివరణలో “నమ్మడం” అని రాయండి. కమాండులో మాత్రం ట్రస్ట్ అనే ఉంచండి, పిల్లలు టైపు చేయాల్సింది అదేగా.