మెనోపాజ్ (ముట్లు ఆగే) వయసులో పెద్దమ్మ డాక్టరుకి చెప్పిందంతా చీటీలో "నీరసం" అయిపోయింది. ఇది న్యాయమా?

రాజోలు అమ్మాయి:
పెద్దమ్మకి 48. ఒంట్లోంచి ఆవిర్లు తన్నుకొస్తాయి, మొహం జేవురిస్తుంది, రాత్రి జాకెట్టు తడిసిపోయేంత చెమట, వెంటనే చలి. పొయ్యి దగ్గర నిలబడలేకపోతోంది. ఇదంతా నా ముందే డాక్టరుగారికి చెప్పింది. చీటీలో ఉన్నది "నీరసం, ఒళ్ళు నొప్పులు", కింద బీ కాంప్లెక్స్. అదే ఆడవాళ్ళ ఆన్‌లైన్ గ్రూపుల్లో ఎన్నింటికి మెలకువొచ్చిందో కూడా రాస్తారు. చెప్పింది చెప్పినట్టు చీటీకెక్కాలంటాను నేను.

తణుకు సిస్టర్:
ఓపీలో మనిషికి దొరికేది రెండు మూడు నిమిషాలండీ. కథంతా రాస్తే లైను కదలదు. పైగా గ్రూపుల్లో ఒకామె అంటే పదిమంది "నాకూ అంతే" అంటారు. వాళ్ళు చెప్పే గుండెదడ థైరాయిడ్ ఎక్కువైనా వస్తుంది, రక్తం తగ్గినా వస్తుంది. మెనోపాజేనని తేల్చుకుని మా దగ్గరకొచ్చినావిడకి హిమోగ్లోబిన్ 7 ఉంది.

రాజోలు అమ్మాయి:
పరీక్ష చేశారు కాబట్టి తెలిసింది కదండీ. పెద్దమ్మకి అదీ రాయలేదు.

భీమవరం అత్తయ్య:
గర్భసంచి తీయించుకున్న మా మాటేంటమ్మా? 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రాలో 15-49 ఏళ్ళవాళ్ళలో నూటికి దాదాపు 9 మందికి ఆ ఆపరేషన్ అయిపోయింది. దేశంలో మనమే ముందు, ఏం గొప్పో! ముట్టు ఆగి 12 నెలలు గడిస్తే మెనోపాజ్ అంటారు. ముట్టే లేనిదానికి ఎక్కణ్ణుంచి లెక్కపెడతారు? అండాశయాలు కూడా తీసేస్తే ఆవిర్లు కొద్ది రోజుల్లోనే పట్టుకుంటాయి, ఎముకలూ తొందరగా గుల్లబారతాయి. ఉంచితే అవి ఎప్పుడు పనిమానేశాయో ఒళ్ళే చెప్పాలి. నా డిశ్చార్జి కాగితంలో అవి ఉంచారో తీశారో ఒక్క ముక్క లేదు.

రిటైరైన పీహెచ్‌సీ డాక్టర్:
అత్తయ్యగారు చెప్పింది రాయకపోవడం మా తప్పే. కానీ మీరూ అన్నీ చెప్పరు. పక్కన భర్తో కొడుకో ఉంటే కింద పొడిబారడం, మూత్రం ఆగకపోవడం నోటికి రావు. పేరు దాచుకోగలిగినచోట అవే ముందు రాస్తారు. మెనోపాజ్ రేటింగ్ స్కేల్ అని 11 బాధల పట్టిక ఒకటుంది, ఒక్కోదానికి తీవ్రతని బట్టి 0 నుంచి 4 మార్కులు. ఈ రెండూ అందులో ఉన్నాయి.

తణుకు సిస్టర్:
అదెవరు నింపుతారు సార్, మేమేనా?

భీమవరం అత్తయ్య:
తెలుగులో ఇస్తే బెంచీ మీద కూర్చుని నేనే నింపుతాను.

తణుకు సిస్టర్:
మీరు నింపుతారు. లంకల్లోంచి వచ్చే చదువురాని ముసలమ్మకి ఎవరు చదివి వినిపిస్తారు, అదీ అందరి ముందూ?