‘యతుకనేర్చు’నా, ‘యతుకవచ్చు’నా?

(వేమన పద్యంలో ఒక పాదం మీద నలుగురి చర్చ. పేర్లకు బదులు వారి ఊళ్లు.)

పర్లాకిమిడి: “ఇనుము విరిగెనేని యినుమారు ముమ్మారు”... తర్వాతి పాదం మా నాన్నగారు “కాచి యతుకనేర్చు కమ్మరీడు” అంటారు. బళ్లో మేం చదివింది “కాచి యతుకవచ్చు క్రమముగాను”. ఏది నిలుస్తుంది? లోహాలు ఒకదాన్నొకటి నొక్కుకుంటే ఏమవుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టే పని నాది. తెలుగులో పాఠం రాస్తూ ఇక్కడ ఆగిపోయాను.

రాయగడ: యతితో తేలదమ్మా. కా–క, కా–క్ర రెండూ చెల్లుతాయి, గణాలూ సరిపోతాయి. నా ఓటు ‘నేర్చు’కే. మూడో పాదంలో “మనసు విరిగెనేని మఱి యంటనేర్చునా” ఉంది కదా, కమ్మరికి చేతనైంది మనసుకు కాదన్న పోటీ ‘వచ్చు’తో పోతుంది.

గుణుపురం: నా అనుమానమూ అక్కడే. ఆ ‘నేర్చు’ కింది పాదం నుంచి ఎవరి నోటనో పైకి పాకి ఉంటుంది.

బరంపురం: కమ్మరిని తీసేస్తే పద్యంలో కొలిమే ఉండదు మాస్టారూ. అరిగిన కర్రుకు ముక్క అతికేటప్పుడు చూడండి. రెండూ తెల్లగా కాగాలి, దెబ్బకు చిట్టెం రాలిపోవాలి, అప్పుడే పట్టు. ‘క్రమముగాను’లో ఈ సుత్తి దెబ్బ వినబడదు.

పర్లాకిమిడి: నన్ను పట్టుకున్నది ‘అంటు’. మా లెక్కలో రెండు వస్తువులు నెట్టుకోగలవు, లాక్కోలేవు. ఎడం వస్తే ఒత్తిడి సున్నా. దీన్ని సిన్యోరిని షరతు అంటారు. తాకడమే కానీ అంటడం లేదు. ఎంతమేర తాకుతాయో కూడా ముందు తెలియదు, లెక్కలోనే తేలాలి. పైగా ఇనుము కొంతవరకే వెనక్కి వస్తుంది, హద్దు దాటితే సొట్ట మిగిలిపోతుంది. ఏ దారిన నొక్కామన్నదీ ముఖ్యమే కాబట్టి బరువును మెట్లుమెట్లుగా పెంచి, ప్రతి మెట్టులో, తప్పును పదేపదే తగ్గించుకుంటూ పోయే న్యూటన్ పద్ధతితో సరిచేస్తాం. రెండు వస్తువులు తాకితే ఒత్తిడి ఎంతో చెప్పే, 1882లో జర్మన్ శాస్త్రవేత్త హెర్ట్జ్ ఇచ్చిన సూత్రాలు ఆ హద్దు లోపలే పనికొస్తాయి. గుండును ఉక్కు మీద నొక్కితే లొంగుబాటు, అంటే ఆ హద్దు దాటడం, పైన మొదలవదు, తాకిన వృత్తపు వ్యాసార్థంలో దాదాపు సగం లోతున మొదలవుతుంది.

రాయగడ: పైకి కనబడక ముందే లోపల లొంగిందన్నమాట! అయితే ‘విరిగెనేని’ చాలా ఆలస్యపు మాట.

గుణుపురం: పద్యాన్ని దిద్దకండి. 1829లో బ్రౌన్ అచ్చు వేసిన వేమనలో ఏ పాఠముందో చూడండి ముందు.

బరంపురం: అచ్చే ప్రమాణమా? గిడుగువారు ఆ పర్లాకిమిడిలోనే ఉంటూ సవర భాషను జనం నోట విని రాసుకున్నారు. నాన్నగారి నోటి పాఠానికీ అంత విలువ ఇవ్వాలి.

గుణుపురం: ఇస్తాను. కానీ ఆయన ‘ఇనుమాఱు’ అని బండి ఱ పలుకుతారా?

రాయగడ: రెండుసార్లు అనే కదా అర్థం, ‘ఇనుమడి’లాగే?

గుణుపురం: ఇనుము ఆఱడం ఎందుకు కాకూడదు? అదీ బండి ఱే.

బరంపురం: పక్కనే ‘ముమ్మాఱు’ పెట్టుకుని ఆ మాటెలా అంటారండీ!