విజిటింగ్ కార్డులను ఫోనులోకి ఎక్కించడం: ఏ యాప్ మేలు?

చిలకలపూడి_నగలు: హైటెక్స్‌లో నగల ప్రదర్శన ముగిసేసరికి మా దగ్గర సంచి నిండా విజిటింగ్ కార్డులు చేరాయి. ఒకవైపు తెలుగు, మరోవైపు ఇంగ్లీషు ఉన్న కార్డును ఫొటో తీస్తే పేరు, నంబరు, ఊరు సరిగ్గా విడదీసి దాచే యాప్ ఏది? ఆ జాబితాను ఎక్సెల్‌లోకి కూడా దించుకోగలగాలి.

విశాఖ_ఎగుమతులు: ముందు భద్రత చూసుకోండి. నేను వాడిన క్యామ్‌కార్డ్ అనే కార్డులు చదివే యాప్‌ను 2020 నవంబరులో కేంద్రం 43 యాప్‌ల జాబితాలో చేర్చి నిషేధించింది. అప్పటికే అన్నింటినీ వీసీఎఫ్ (కాంటాక్టులను దాచే) ఫైలుగా దించి పెట్టుకున్నందువల్ల నా కొనుగోలుదారుల వివరాలు ఒక్కటీ పోలేదు. దించుకునే వీలు లేని యాప్ జోలికి వెళ్లకండి.

ఓరుగల్లు_బీమా: యాప్ ఏదైనా పేరు దగ్గరే చిక్కు. ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుండే మన కార్డులను చదివి, ఆ పొడి అక్షరాన్నే అసలు పేరుగా నమోదు చేస్తున్నాయి. పండుగ శుభాకాంక్షలు 'ప్రియమైన కె గారూ' అని వెళ్తే పెద్దవారు నొచ్చుకోరా?

డల్లస్_తెలుగు: కాంటాక్టుల సాఫ్ట్‌వేర్ రాయడమే నా వృత్తి కనుక చెబుతున్నాను. వీసీఎఫ్ ఫైళ్లు అనుసరించే వీకార్డ్ ప్రమాణంలో ఇంటిపేరుకు, సొంత పేరుకు వేర్వేరు గడులున్నాయి. 2011 నాటి 4.0 వెర్షన్‌లో పేరు గడులలో పూర్తి పేరు గడి ఒక్కటే తప్పనిసరి. లోపం ప్రమాణంలో లేదు. కార్డుపై ఇంటిపేరును చివర అచ్చు వేయించుకుంటే సమస్యే ఉండదు.

ఓరుగల్లు_బీమా: తాతల నాటి నుంచి ముందున్న ఇంటిపేరును యాప్ కోసం వెనక్కి నెట్టమనడం ఏం న్యాయమండీ? జపాన్‌లోనూ ఇంటిపేరే ముందు. అక్కడి సాన్‌సాన్ వంటి సంస్థలు కార్డుల సేవనే వ్యాపారంగా నడుపుతున్నాయి. మారవలసింది సాఫ్ట్‌వేరే.

డల్లస్_తెలుగు: నేను సంప్రదాయాన్ని కించపరచలేదు. దయచేసి అనని మాటను నాకు అంటగట్టకండి.

బెజవాడ_ప్రెస్: మీ వాదనలో తెలుగు వైపు సంగతి మరుగున పడింది. గూగుల్ లెన్స్ తెలుగును చదువుతుంది గానీ, ఆ అక్షరాలను కాపీ చేసి మనమే అతికించుకోవాలి. నల్ల కార్డుపై బంగారు ఫాయిల్ అక్షరాలుంటే ఫ్లాష్ ఆపి, కిటికీ పక్కన కార్డును కాస్త వాల్చి తీయండి. నేను అచ్చు వేసే కార్డులపై క్యూఆర్ కోడ్ పెట్టమని అందరికీ చెబుతున్నాను; అందులో పేరు, నంబరు చాలు, చిరునామా అంతా కుక్కితే చుక్కలు మరీ చిన్నవై ఫోను చదవలేదు.

చిలకలపూడి_నగలు: లెన్స్‌తో తెలుగు బాగానే వచ్చిందండీ, ధన్యవాదాలు. ఎక్సెల్ సంగతి ఎవరూ చెప్పలేదు.

విశాఖ_ఎగుమతులు: వీసీఎఫ్‌ను గూగుల్ కాంటాక్ట్స్‌లోకి ఎక్కించి, అక్కడి నుంచి సీఎస్‌వీగా (ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టిక ఫైలుగా) దించండి. ఎక్సెల్‌లో తెరిచేటప్పుడు అక్షరాల సంకేత పద్ధతిగా యూటీఎఫ్-8 ఎంచుకోండి, లేకపోతే తెలుగు పేర్లు గజిబిజి గుర్తులుగా కనిపిస్తాయి.