ఫ్లెక్స్ చూసినోళ్ల మనసుకి తాకాలంటే ఏం నేర్చుకోవాల?

అన్నలూ అక్కలూ, అనంతపురంలో ఒక డీటీపీ షాపులో రెండేళ్లుగా పని చేస్తున్నా. కోరల్, ఫోటోషాప్ బాగానే వచ్చు. మొన్న ఒకాయన వాళ్ల నాయన పెద్దకర్మకి శ్రద్ధాంజలి ఫ్లెక్స్ అడిగినాడు, ఆధార్ కార్డు ఫోటో ఒకటి ఇచ్చినాడు, నేను మచ్చలు ముడతలు అన్నీ తీసేసి, కోటు తగిలించి, వెనక మబ్బులు దీపం పావురాలు పెట్టి గంటన్నర కూర్చొని చేసినా. ఆయన చానాసేపు స్క్రీన్ చూసి "బాగుంది గానీ, మా నాయన మాదిరి లేదు తమ్ముడూ" అన్నాడు. ఆ మాట మనసులోంచి పోవట్లేదు. ఏం నేర్చుకోవాల? రంగులా, ఫాంట్లా, ఇంకేమన్నానా?

కడప నుంచి జవాబు:
తమ్ముడూ, ఆయనే నీకు చెప్పినాడు కదా. కోటు ఆ పెద్దాయన బతికుండగా ఎప్పుడన్నా వేసుకున్నాడా? నేను ఒక జేజి ఫోటో ఇట్లాగే క్లీన్ చేస్తా నుదుటి మీద పచ్చబొట్టు కూడా చెరిపేసినా. మనవరాలు చూసి స్క్రీన్ మీద నుదుటి దగ్గర వేలు పెట్టి "ఇక్కడ ఉండేది" అనింది, అంతే, ఇంకేం మాట్లాడలా. అన్‌డూ కొట్టి పచ్చబొట్టు వెనక్కి తెచ్చినా, అప్పుడు ఏడ్చింది ఆ పాప. అప్పటినుంచి మౌస్ పట్టుకోకముందే అడుగుతా, మనిషి ఎట్లుండేవాడు, తువ్వాలు ఏ భుజాన వేసేవాడు, మీసం ఎట్లా దువ్వేవాడు అని.

కర్నూలు నుంచి జవాబు:
అన్న చెప్పింది నిజమే గానీ రంగులూ ఫాంట్లూ తక్కువేం కాదు. పెళ్లికార్డు ఎంత ఖరీదుదైనా నాలుగు మూలలా పసుపు పెట్టందే మనోళ్లు పంచరు, నల్ల కార్డు ఇస్తే పెద్దోళ్లు చేత్తో తాకను కూడా తాకరు. చిన్నప్పటినుంచి కంటికి అలవాటైన రంగుల్ని కాదని చేస్తే ఎంత బాగున్నా మనసు పట్టదు. ఫాంట్ కూడా అంతే, గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర ఉంది కదా, లావుగా, ఓపెనింగ్ ఫ్లెక్సుకి బ్రహ్మాండంగా ఉంటుంది, అదే శ్రద్ధాంజలికి వాడితే సావింట్లో మైకు పెట్టి అరిచినట్టు ఉంటుంది. మండలి లాంటి సన్నటి ఫాంట్ పెట్టి చుట్టూ ఖాళీ వదులు.

ప్రొద్దుటూరు నుంచి జవాబు:
మచ్చ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. న్యూయార్క్ కోసం మిల్టన్ గ్లేజర్ అనే డిజైనర్ 1977లో చేసిన లోగో అందరూ టీషర్టుల మీద చూసుంటారు, మూడు ఇంగ్లీషు అక్షరాలు, ప్రేమ అనే మాట ఉండాల్సిన చోట ఎర్ర గుండె బొమ్మ, అంతే. 2001 సెప్టెంబర్‌లో ఆ జంట టవర్లు కూలినాక ఆయన అదే లోగో మళ్లీ చేసినాడు. గుండెకి ఎడమ పక్క కింద చిన్న నల్ల మరక పెట్టి, కింద "ఎప్పటికన్నా ఎక్కువగా" అనే అర్థమొచ్చే మాట రాసినాడు. కూలిన బిల్డింగు బొమ్మ లేదు, మంట లేదు, పొగ లేదు. మ్యాప్‌లో చూస్తే ఆ టవర్లు ఉండింది కూడా మాన్‌హటన్‌లో కింద ఎడమ వైపే. ఆ ఊరోళ్లకి ఆ మరక ఏందో ఎవరూ చెప్పాల్సిన పని లేదు. నువ్వు చెరిపేసిన మచ్చ కూడా వాళ్లింట్లో అందరికీ తెలిసిందే అయ్యుంటుంది తమ్ముడూ.

అడిగినోడు మళ్లీ:
అందరికీ థ్యాంక్స్ అన్నా. ఒరిజినల్ ఫోటో ఇప్పుడే జూమ్ చేసి చూసినా, ఎడమ కనుబొమ్మ మీద పాత దెబ్బ గీత ఉంది, క్లోన్ టూల్‌తో నేనే తీసేసినా. ప్రింట్‌కి ఇంకా పంపలేదు, కర్మ శుక్రవారం. పొద్దున్నే ఆయనకి ఫోన్ చేసి పంచె కట్టుకున్న ఫోటో ఏదన్నా ఉందేమో అడుగుతా, ఆ దెబ్బ ఎట్లా తగిలిందో కూడా అడుగుతా.