సొరంగం మోడల్‌లో కుంగుబాటు తక్కువగా వస్తోంది, నమ్మొచ్చా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. 6 మీటర్ల వ్యాసం ఉన్న సొరంగం, దాని మధ్యరేఖ 18 మీటర్ల లోతులో ఉంది. గట్టి బంకమట్టి. పక్కనే రెండంతస్తుల ఇటుక భవనం, సొరంగం మధ్యరేఖకు 5 మీటర్ల దూరం నుంచి 20 మీటర్ల దూరం దాకా ఉంటుంది. 2డీ ఫైనైట్ ఎలిమెంట్ మోడల్ (నేలను చిన్న ముక్కలుగా విడగొట్టి కంప్యూటర్‌లో వేసే లెక్క) చేశాను. మట్టికి మోర్-కూలుంబ్ (మట్టి ప్రవర్తనకు సాదా మోడల్), కే-నాట్ (నేలలో అడ్డ ఒత్తిడికీ నిలువు ఒత్తిడికీ నిష్పత్తి) 1.2, స్ట్రెస్ రిలీఫ్ (లైనింగ్ పడేలోపు తవ్వకం వల్ల వదిలే ఒత్తిడి వంతు) 30 శాతం ఇచ్చాను. ఎక్కువలో ఎక్కువ 5 మి.మీ. కుంగుతోంది. 10 మి.మీ. లోపే కదా, భవనానికి ఇబ్బంది లేదని రిపోర్టులో రాసేయొచ్చా? ఒక్కటే అనుమానం: 40 మీటర్ల అవతల కూడా 2 మి.మీ. చూపిస్తోంది.

జవాబు:
రాయకండి. మీ అనుమానమే అసలు సంగతి. ముందు భవనాన్ని తీసేసి, ఖాళీ నేల మీద చేత్తో లెక్క వేయండి. 1969లో పెక్ అనే ఇంజినీరు చెప్పిన గంట ఆకారపు వంపు చాలు. బంకమట్టిలో వంపు మలుపు తిరిగే చోటు మధ్యరేఖ నుంచి లోతులో సుమారు సగం దూరాన ఉంటుంది, అంటే మీకు 9 మీటర్లు. వాల్యూమ్ లాస్ (తవ్వేటప్పుడు అదనంగా లోపలికి వచ్చే మట్టి, సొరంగం వైశాల్యంలో శాతంగా) 1 శాతం అనుకుంటే సొరంగం పైన సుమారు 12.5 మి.మీ., మీ భవనం దగ్గరి అంచున 10.7, దూరపు అంచున 1 మి.మీ. వస్తుంది. 27 మీటర్లు దాటాక దాదాపు సున్నా. మీ మోడల్ 40 మీటర్ల దగ్గర 2 మి.మీ. చూపిస్తోందంటే వంపు మరీ వెడల్పుగా, మరీ లోతు తక్కువగా వస్తోందన్నమాట. చూడ్డానికి సేఫ్‌గా కనిపిస్తుంది కానీ గోడను పగలగొట్టేది కుంగుబాటు కాదు, ఈ చివరకీ ఆ చివరకీ మధ్య తేడా. వంపు వెడల్పయితే ఆ తేడానే దాక్కుంటుంది.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అండి. స్ట్రెస్ రిలీఫ్ పెంచి 12.5 మి.మీ.కి తెస్తే సరిపోతుందా?

జవాబు:
అదే చాలామంది చేసేది. ఒక్క పాయింట్ కలుస్తుంది, వంపు మాత్రం అలాగే వెడల్పుగా ఉంటుంది. దాంతో లెక్కలో మట్టి నష్టం అసలుకంటే చాలా ఎక్కువైపోతుంది. రిలీఫ్‌ను వాల్యూమ్ లాస్‌కి సరిపెట్టండి. అన్‌డ్రెయిన్డ్‌గా (మట్టిలోని నీరు బయటికి పోయే టైమ్ లేనట్టు) నడిపి, ఉపరితలపు వంపు కింద వైశాల్యాన్ని సొరంగం వైశాల్యంతో భాగిస్తే అది 1 శాతం రావాలి.

తర్వాత మట్టి మోడల్. మోర్-కూలుంబ్‌లో మట్టి లొంగిపోయేదాకా ఒకే స్టిఫ్‌నెస్‌తో (గట్టిదనంతో) ఉంటుంది. నిజం మట్టి చాలా చిన్న స్ట్రెయిన్ల (సాగుడు, నొక్కుడు శాతాల) దగ్గర ఎంతో గట్టిగా ఉండి, స్ట్రెయిన్ పెరిగేకొద్దీ మెత్తబడుతుంది. దూరాన కదలిక తక్కువ కాబట్టి అక్కడ మట్టి గట్టిగా నిలబడుతుంది, వంపు ఇరుకవుతుంది. మీ సాఫ్ట్‌వేర్ ప్లాక్సిస్ అయితే అందులో ఈ గుణాన్ని పట్టుకునే హార్డెనింగ్ సాయిల్ స్మాల్ మోడల్ వాడండి. మోడల్ అడుగు మరీ లోతుగా పెట్టారేమో కూడా చూడండి. మోర్-కూలుంబ్‌లో సొరంగం అడుగు పైకి లేచి, మొత్తాన్నీ ఎత్తేస్తుంది.

ఇంకో సభ్యుడి జవాబు:
ఒక్క మాట కలుపుతాను. కే-నాట్ 1 దాటిన మట్టిలో ఈ స్మాల్ స్ట్రెయిన్ మోడల్ పెట్టినా 2డీ వంపు కొలతలకంటే కాస్త వెడల్పుగానే వస్తుంది. అందుకే ఖాళీ నేల వంపుకి నేను చేతి లెక్కనే ఎక్కువ నమ్ముతాను. ఫైనైట్ ఎలిమెంట్‌ను భవనానికీ నేలకీ మధ్య జరిగేదాని కోసమే ఉంచుకుంటాను.

ప్రశ్న అడిగినవారు:
మరి భవనాన్ని ఎలా పెట్టాలి? ఇప్పుడు పునాది మీద బరువు మాత్రమే ఇచ్చాను.

జవాబు:
బరువొక్కటే అయితే భవనం నేలతోపాటు మెత్తగా వంగిపోతుంది, అది నిజం కాదు. కానీ తొందరపడి కంప్యూటర్ మోడల్‌లోకి దూకక్కర్లేదు. మొదటి దశలో 10 మి.మీ. కుంగుబాటు, 1/500 వాలు, ఈ రెంటిలోపూ ఉంటే వదిలేయొచ్చు. మీకు వాలు సుమారు 1/1200, అది బాగానే ఉంది. కుంగుబాటు మాత్రం దాటింది, కాబట్టి రెండో దశ తప్పదు. గోడను లోతైన దూలంలా తీసుకుని, ఖాళీ నేల వంపునే దానికి అంటించి తన్యత స్ట్రెయిన్ (గోడ ఎంత శాతం సాగుతుందో) చూడటం. బర్లాండ్ అనే ఇంజినీరు చెప్పిన పద్ధతి ఇదే. 0.05 శాతం లోపయితే నష్టం పట్టించుకోనక్కర్లేదు, 0.075 దాకా చాలా స్వల్పం, 0.15 దాకా స్వల్పం. ఇక్కడొక జాగ్రత్త: 9 మీటర్ల దగ్గర మలుపు మీ భవనం లోపలే పడుతోంది. గోడను అక్కడ రెండు ముక్కలు చేసి చూడండి. అవతలి ముక్క పైకి ఉబ్బినట్టు వంగుతుంది, పైగా నేల అక్కడ అడ్డంగా సాగుతుంది. ఇటుక గోడకు ప్రమాదం అక్కడే.

అందులో స్వల్పం దాటితేనే మూడో దశ. అప్పుడు భవనాన్ని దూలంగా మోడల్‌లో పెట్టండి, వంగే స్టిఫ్‌నెస్‌తోపాటు సాగే స్టిఫ్‌నెస్ కూడా ఇవ్వండి. 2డీలో అది సొరంగం పొడవునా ఆగకుండా సాగే భవనం అవుతుందని గుర్తుంచుకోండి. మీ భవనం ఏటవాలుగా ఉంటే 3డీ తప్పదు.

ప్రశ్న అడిగినవారు:
వాల్యూమ్ లాస్ 1 శాతమే ఎందుకు?

జవాబు:
ముఖం (తవ్వే ముందుభాగం) మూసి తవ్వే మెషీన్ బాగా నడిస్తే అంతకంటే తక్కువే వస్తుంది, నడపడంలో తేడా వస్తే ఎక్కువ. 0.5, 1, 2 మూడూ వేసి రిపోర్టులో పెట్టండి. తవ్వకం మొదలయ్యాక భవనం చేరకముందే ఖాళీ నేల మీద సర్వే పాయింట్లు పెట్టించి, అసలు ఎంత వస్తోందో చూసుకోండి. 1 దాటుతుంటే మెషీన్ ముఖం ఒత్తిడి, గ్రౌటింగ్ (లైనింగ్ వెనక ఖాళీని నింపడం) సరిచేయడానికి అప్పటికి ఇంకా టైమ్ ఉంటుంది.